నడిమి గోడ తీసే ముచ్చట

సూరత్‌, లింబాయత్‌లో ఒక ఇరుకు గల్లీ. ఒకే గోడకు అటొకటి, ఇటొకటి మరమగ్గాల షెడ్లు. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన వీళ్ల నోట మరమగ్గమంటే సాంచా. అటు షెడ్డు నాగభూషణానిది, ఇటుది అతని బామ్మర్ది గంగారాంది. ఇద్దరూ బయట అరుగు మీద కూర్చున్నారు. లోపల రెండు దిక్కులా సాంచాలు మోగుతూనే ఉన్నాయి.

“అందుకే అంటున్న బావా, ఆ నడిమి గోడ తీసేద్దాం.”

“ఏంది, గోడనా?”

“గోడనే. నీ షెడ్డు, నా షెడ్డు ఒక్కటైతది. యూరప్‌ల గిట్లనే చేసిన్రట.”

“యూరప్‌ల నీకెవరున్నరు గంగారాం?”

“మా బిడ్డ కోమలి కాలేజిల ఆ పాఠమే సదువుతున్నది. పక్కపక్క దేశాలట. ఒకల నెత్తి ఒకలు పలగ్గొట్టుకొని, పలగ్గొట్టుకొని, యాష్టకొచ్చి ఒక్క కాడ కూసున్నరట. ముందుగాల బొగ్గు, ఉక్కు కలుపుకున్నరు. ఎనుక బజారు కలిసింది. ఇప్పుడు ఈ దేశంల కెల్లి ఆ దేశంలకు పోతే ఆపెటోడే లేడట. దానికే యూనియన్ అని పేరు.”

“మనమేం నెత్తులు పలగ్గొట్టుకున్నం?”

“పోయినేడు మోరీ నీళ్ల కాడ చీపురు ఎవరు లేపిన్రు?”

“అది మీ అక్క లేపింది. నేను కాదు.”

“లేపింది గదా.”

“నాకెందుకయ్యా యూనియన్లు. నా సాంచాలు నిండుగ నడుస్తున్నయ్. వినబడతలేదా?”

“వినబడుతున్నది. నాయి గూడ నడుస్తున్నయ్ గదా, వినబడుతున్నదా?”

“వినబడుతున్నది.”

“ఇద్దరం మస్తుగున్నం. మస్తుగున్నప్పుడు కలిస్తేనే ఇజ్జత్.”

“అసలు సంగతి చెప్పు. నువ్వు ఊకెనే కూసోబెట్టి చాయ్ తాపెటోనివి కాదు.”

“ఖాట్మండు సేఠ్ రేపు పొద్దుగాల వస్తుండు. ఏడాదంత బట్ట కావాలె ఆయనకు. నేపాల్ తోని మనకు గోడ లేదు, వీసా లేదు, బండెక్కి వచ్చుడే. కానీ ఒక్కటే షరతు. ఒక్క కప్పు కిందనే నెయ్యాల్నట. రెండు షెడ్లల్ల నేస్తే రెండు తీర్ల బట్ట అయితదంటడు. నాదొక్కటి సూస్తే చిన్నగున్నదని మొకం తిప్పుకుంటడు. గోడ తీస్తమని ఇయ్యాలనే ఫోన్‌ల మాట ఇయ్యాలె ఆయనకు.”

“అయితే వేరేటోల్లతోని కలువు.”

“గోడ నీతోని ఉన్నది బావా, వేరేటోల్లతోని ఎట్ల కలుస్త?”

“గోడ నాది కాదు. సున్నం నువ్వే ఏసినవ్.”

“నా దిక్కు నేనేసిన. నీ దిక్కు నువ్వేసినవ్.”

“మరి మార్కండేయుని పటం? నా దిక్కు ఆ గోడకే ఉన్నది.”

“నా దిక్కు గూడ ఆడనే ఉన్నది. ఇన్నేండ్ల సంది దేవుడు అటొకటి ఇటొకటి ఈపుకు ఈపు ఆనిచ్చి నిలబడ్డడు. జర కాళ్లు చాపుకోనియ్యి ఆయన్ని.”

“సరే, మాట వరుసకే అడుగుత. బోర్డు మీద పేరెవరిది ముందు?”

“నీదే. పెద్దోనివి.”

“మిస్త్రీ?”

“నీ మిస్త్రీనే. నావోడు పానా పట్టుకుంటే సాంచాకే భయమైతది.”

“చాయ్?”

“అది మాత్రం మా ఇంటిది. అక్క పెట్టేది చాయ్ కాదు, కషాయం.”

“మీ అక్కతోని చెప్పాల్నా గీ మాట?”

“చెప్పకు. సంధి చెడుతది.”

“బాపూ, ఇగో చాయ్. మామా, తీస్కో.”

“నువ్వు చెప్పు కోమలీ. ఆ యూరప్‌ల ఒక్కడు వద్దంటే ఏమైతది?”

“కొన్నిటికైతే అందరు ఒప్పుకోవాలె మామా. ఒక్కలు వద్దన్నా ఆగిపోతది.”

“ఇన్నవా గంగారాం? నేను వద్దంటున్న.”

“గీ ముచ్చట ఇప్పుడెందుకు చెప్పినవ్ బిడ్డా?”

“అడిగిండు, చెప్పిన. బ్రిటనోల్లు కలిసి మళ్ల బయటకు పోయిన్రు. అది గూడ చెప్పాల్నా?”

“వద్దు.”

“బాపూ, ఎనుక వరుస సాంచాలు బంద్ చెయ్యనా? ఉత్తగనే కరెంటు...”

“నువ్వు లోపలికి నడువు.”

“పోతున్న తియ్యి.”

“ఏంది గంగారాం, ఉత్తగనే అంటున్నది పిల్ల?”

“దానికేం ఎరుక. పా, నీ షెడ్డులకు పోయి గోడ ఎంత మందం ఉన్నదో సూద్దాం.”

“నా దిక్కు వద్దు. కాలు పెట్ట సందు లేదు, అంత మాల్ ఉన్నది.”

“సరే.”

“నీ దిక్కు నుంచి సూద్దాం.”

“నా దిక్కు గూడ మాలే బావా.”

“అయితే గోడను గట్లనే ఉండనియ్యి.”

“సేఠ్ పోతడు బావా.”

“పోతే పోనియ్యి. నాకు అక్కెర లేదు.”

“నా మొకం సూసి చెప్పు.”

“నీ మొకంల ఏమున్నది సూడ?”

“ఎన్నో దినాల సంది ఒక మాట నోట్లెనే పెట్టుకొని తిరుగుతున్న. అననా?”

“అను.”

“నీ సాంచాల మీద పడుగు లేదు.”

“ఏం మాట్లాడుతున్నవ్?”

“పోగొక్కటి లేకుంట ఉత్త సాంచాలు నడుపుతున్నవ్. పని లేదని గల్లీకి తెల్వద్దని.”

“ఎవలన్నరు? మీ అక్కనా?”

“అక్క చెప్పలే. సప్పుడే చెప్పింది. నూలుంటే మెత్తగ మోగుతది. గిది ఖాళీ డబ్బా మోగినట్టున్నది.”

“నువ్వు... ఇన్ని దినాలు ఎరుకుండే మస్తుగున్నం, మస్తుగున్నం అన్నవా?”

“నీ మనసు కష్టపెట్టొద్దని అన్న.”

“సిగ్గైతున్నది గంగారాం. కరెంటు బిల్లు కట్టుకుంట గాలిని నేసిన. మీ ఇంట్ల అందరు నవ్వుకున్నరా?”

“ఒక్కలు నవ్వలే బావా.”

“మరి నీ సాంచాలు గింత మోగుతుంటే, నడుమల నా సప్పుడు ఏరి ఎట్ల పట్టుకున్నవ్?”

“ఏరాల్సిన పనేమున్నది బావా. దివాళీ సంది నా దిక్కు గూడ అదే సప్పుడు.”