బెల్టు పెట్టుకోని సైరన్

సైరన్ బాబాయి నోరు తెరిచాడంటే టీకొట్టు దగ్గర అందరి గ్లాసులూ చల్లారిపోవాల్సిందే. ఉద్యోగమంతా ఫైరింజను నడిపి రిటైరైన మనిషి. బండి దిగినా ఆ మోత మాత్రం గొంతులోనే ఉండిపోయింది. పోయిన వారం హైస్కూలు పెద్ద టీచరమ్మ పిలిచి, నిప్పుతోనూ రోడ్డు మీదా ఎలా జాగ్రత్తగా ఉండాలో పదో తరగతి పిల్లలకి చెప్పించింది. రెండో సెక్షనుకి ఎప్పుడు రావాలో కబురు చేస్తానంది. ఆ కబురు ఇంకా రాలేదు. మళ్ళీ పిలుస్తారో లేదోనని బాబాయికి లోపల ఒకటే బెంగ. చెయ్యి మాటిమాటికీ జేబులో ఫోను తడుముకుంటోంది, నోరు మాత్రం జోరు తగ్గలేదు.

"పెద్దగా ఏం లేదర్రా. పళ్ళెంలో కాస్త డీజిలు పోసి అంటించాను. మోకాలెత్తు మంట. మంటలార్పే సిలిండరు ఇలా ఎత్తానో లేదో, గాలి తిరిగింది. మంట మేడెత్తు లేచింది!"

"ఇప్పుడేగా మోకాలెత్తన్నావ్?" అన్నాడు టైలరు.

"నా మోకాలని ఎవడన్నాడయ్యా? ఏనుగు మోకాలు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంట పోయి పోయి మబ్బుకి అంటుకుంది. మబ్బు సలసలా కాగి వేడివేడి వాన! పొగలో నిలబడకండి, వంగి పాకండి అని ఒక్క కేక వేశాను. పిల్లలే కాదు, పొగ కూడా వంగి పాకుతూ గేటు దాటింది."

"అదా సంగతి! ఆ రోజు పొయ్యి వెలిగించకుండానే నా టీ నీళ్ళు మరిగాయి," అంది కొట్టు అక్క.

"మరగవూ మరి? ఇక డ్రైవింగు పాఠం వినండి. ఫైరింజను ఎక్కి, సైరన్ వేసి మైదానం చుట్టూ తిప్పాను. ఎంత స్పీడంటే, నా బండి వెనక లైటు నాకే ఎదురుగా కనపడింది! ముందు బండికి దూరం పాటించాలి కదా, హారను కొట్టి బ్రేకు తొక్కాను. బండి ఆగింది, నేనాగాను. సైరన్ మోత మాత్రం ఆగలేక పక్క వీధిలో పడింది. చూశారా పిల్లలూ, బెల్టు పెట్టుకోకపోతే అంతే అన్నాను!"

అందరూ పడీ పడీ నవ్వారు. బెంచీ చివర కూర్చున్న బస్సు డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు.

"బాబాయ్, మా అమ్మాయి ఆ క్లాసులోనే ఉంది. అసలు ఫైరింజనే రాలేదట కదా, కుర్చీలో కూర్చుని స్టీరింగులా స్టీలు పళ్ళెం తిప్పావట. సిలిండరు మీట ఎంత నొక్కినా నురగ రాలేదట. మీటకి అడ్డంగా ఉన్న పిన్ను లాగలేదు తాతయ్యా అని చివరికి మా అమ్మాయే చెప్పిందట."

బాబాయి మొహం వాడిపోయింది. ఎంత మంట రేగినా ఫైరింజను డ్రైవరు బండి వదలకూడదు, పంపు చూసుకోవాలి. పిన్ను లాగే పని ఎప్పుడూ మిగతావాళ్ళదే. ఉద్యోగమంతా మంటని అద్దంలోంచే చూశాడాయన.

"అందుకేనన్నమాట ఫోను రానిది," అన్నాడు మెల్లగా. ఆ గొంతులో సైరన్ లేదు. నవ్వినందుకు టైలరుకి సిగ్గేసింది.

"ఫోనెందుకు? పెద్ద టీచరమ్మ మా అమ్మాయితోనే చెప్పి పంపింది, శుక్రవారం రమ్మంది. కాకపోతే ఒక షరతు. ఈసారి కూడా నువ్వు పిన్ను మర్చిపోవాలట. మిగతా పాఠం ఎంతమందికి గుర్తుందో గానీ, పిన్ను సంగతి క్లాసులో ఒక్కరూ మర్చిపోలేదట!"

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. చొక్కా సర్దుకుని లేచాడు.

"మర్చిపోవడమా? అదీ ఒక పనేనా! మర్చిపోవడంలో నన్ను మించినవాడు ఇంకా పుట్టలేదు!" అంటూ స్కూటరు స్టార్టు చేశాడు.

"ఈ ఒక్కటీ కోత కాదు," అంటూ అక్క, బెంచీ మీద వదిలేసిన హెల్మెట్టు తెచ్చి ఆయన చేతికిచ్చింది.