దర్వాజ మీది నలుపు

"తాతా, క్యాంపస్ క్వార్టర్లు పడగొడుతున్నరని కరపత్రంల 'విధ్వంసం' అని రాసినం. ఇన్నేండ్లు ఇండ్లు కూలగొట్టినవ్ గద, ఆ మాటంటే నీకేం యాదికొస్తది?"

కూలగొట్టుడు గాదు బిడ్డ, విప్పుడు. మేం ఇండ్లు విప్పేటోళ్లం. ముందు రేకులు, ఎన్క దూలాలు, దర్వాజలు, ఆఖరికి ఇటుకలు. ఒక్కటి పలగొద్దు. పలిగితే మా మేస్త్రి తిట్టే తిట్లు... ఆడపిల్లవు, నీకెందుకులే.

నువ్వు బుల్డోజర్ బొమ్మ ఏసినవ్. నాకు యాదికొచ్చేది నా చేతిల రంద. కట్టె చెక్కే రంద, తెలుసు గద?

తార్నాకల మరియమ్మవ్వ అని ఉండె. చాయ్ రూపాయి ఉన్నప్పటి ముచ్చట. కాదు, రూపాయిన్నర. ఆమె పెనిమిటి యూనివర్సిటీల అటెండరు. రిటైరయినంక కండ్లు పోయినయ్. ఆయన సచ్చిపోయిన ఏడాదికి ఇంటి ఓనరు ఇల్లు విప్పుమన్నడు. కిరాయికున్న అవ్వ లాలాపేట్ల బిడ్డ దగ్గరికి పోతున్నది. "ముందర దర్వాజ నిలువు కట్టె ఒక్కటి నాకియ్యి నాయినా" అన్నది. ఓనరు సరే అన్నడు.

సాగువాను, అదే టేకు కట్టె. ఒక్క పెచ్చు లేవకుండ తీసిన. సూస్తే, భుజమంత ఎత్తుల జిడ్డు పట్టి నల్లగున్నది. పాపం, ముసలామెకు ఇట్లెట్లియ్యాలె అని రంద పట్టిన. ఉప్పు కాయితం రుద్దిన, వార్నిష్ గొట్టిన. పైసలడగలే బిడ్డ, ప్రేమతోని చేసిన. అద్దం లెక్క మెరుస్తున్నది.

అవ్వ చేయి పెట్టి తడిమింది. "నల్లగుండాలె గద నాయినా, ఏడ వాయె?" అన్నది.

కండ్లు పోయినంక ఆయన ఆడ చేయి ఆనిచ్చే ఇంట్లకొస్తుండెనంట. పదకొండేండ్లు. ఆ నలుపు ఆయన చేయి.

అవ్వనే "మంచిగ చేసినవ్ నాయినా, చాయ్ తాగి పో" అన్నది. తాగిన గూడ, సిగ్గులేక.

ఇల్లు పోయినందుకు ఆమె ఏడ్వలే, తెల్సా. దీనికి గూడ నా ముందట ఏడ్వలే.

తర్వాత ఒకసారి లాలాపేట్ పోయిన, మాఫీ అడుగుదామని. కట్టె అర్ర గోడకు నిలవెట్టి ఉన్నది. అవ్వ వస్తపోత దాని మీద చేయి పెడ్తున్నది. మల్ల నల్లగైతదని. కొంచెం అయింది గూడ. కని పొట్టి మనిషి, నడుము గూడ వంగె గదా... ఆయన చేయి కాడికి అందలే. ఆడ నా వార్నిష్ అట్లనే మెరుస్తున్నది.

అడగకుండనే వాపసొచ్చిన.

రాసుకో బిడ్డ, నీ మాట తప్పని నేనంటలేను. నీ చేతులు సల్లగుండాలె. ఎవల వస్తువన్న ముట్టేటప్పుడు జర... ఒక్కసారి అడుగు.