ఒక్క పిసరు పైకి

వాన మొదలై అరగంటయింది. కొత్తగూడ చౌరస్తాలో యాదమ్మ టీ కొట్టు కింద నలుగురం ఇరుక్కుని నిలబడ్డాం. కొట్టంటే నాలుగు సర్వి కర్రలు, పైన నీలం టార్పాలిన్, ఒక కిరసనాయిలు స్టవ్వు. పెట్టి పది రోజులు కూడా కాలేదు. మాలో లింగమూర్తి ఒక కంప్యూటర్ ఆఫీసుకి వ్యాను నడుపుతాడు. ఏసురత్నం గారిది గుంటూరు, కొత్త బిల్డింగుల్లో వైరింగు పని. ఇంకొకరు బుల్లిబాబు గారు. అమలాపురం వైపు నుంచి వచ్చి, కొండాపూర్‌లో కడుతున్న ఒక ఆఫీసు భవనానికి స్టోర్స్ చూస్తున్నారు. నేను కంప్యూటర్ కోర్సు ఎక్కడ చేరాలో కనుక్కుందామని వచ్చినవాణ్ణి.

ఏసురత్నం గారు తడిసిపోయి, లింగమూర్తి మీద విసుక్కుంటున్నారు. "యూనివర్సిటీ గేటు ఎక్కడయ్యా అంటే 'జర ముందుకు పో' అన్నావు. గంట నడిచాను. గచ్చిబౌలి వచ్చింది, వాన వచ్చింది, గేటు మాత్రం రాలేదు. తడుస్తూ మళ్లీ ఇక్కడికే చేరాను."

"జర దూరమే అన్న," అన్నాడు లింగమూర్తి. "ఎంత జర అని నువ్వు అడగలే."

అంతే. బుల్లిబాబు గారు గ్లాసు పక్కన పెట్టారు.

"అదేనండి, అదే! ఈ ఊళ్లో 'జర' అంటే ఎంతో తెలీకుండా అడుగు బయట పెట్టకూడదండి. నవ్వుతున్నారు గానీ, నిరుడు వేసవిలో ఆ ఒక్క మాట మీద ఓ మనిషి ప్రాణం వేలాడింది. నేను ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఆయ్."

"ప్రాణమా?" అన్నారు ఏసురత్నం గారు.

"ప్రాణమేనండి. అప్పటికింకా సైబర్ టవర్స్ తలుపులు కూడా తెరవలేదు. మా సైటులో పునాదులు తీస్తున్నారు. ఇక్కడ కింద మట్టి ఏముందండి, అంతా రాయే కదా. పొద్దున్నే మందు పెట్టి పేల్చారు. పదకొండింటికి దుమ్ము అణిగింది. పోచయ్య అని పాలమూరు మనిషి, గడ్డపార పట్టుకుని గుంటలోకి దిగాడు. నేను పైన ఒడ్డు మీద నిలబడి సిమెంటు బస్తాలు లెక్క చూసుకుంటున్నాను. ఉన్నట్టుండి గర్‌ర్‌మని చప్పుడు. చూద్దును కదా, పగిలిన బండొకటి జారి, పోచయ్య కాలి మీద కూర్చుంది. మోకాలి కింద నుంచి మనిషి కనపడ్డం లేదు."

స్టవ్వు మీద పాలు పొంగబోతుంటే యాదమ్మ మంట తగ్గించింది.

"ఎంత బండ?" అన్నాడు లింగమూర్తి.

"ఆటో అంత. సరే, క్రేను వచ్చింది. గొలుసు వేశారు. ఇక లేపడమే కదా అనుకుంటున్నారా? అక్కడే ఉంది తిరకాసు. దాని వీపుకి ఆనుకుని ఇంకో బండ ఉందండి. కింద బండని రెండు వేళ్ల మందం లేపితే కాలు బయటికొస్తుంది. మూడు వేళ్లు లేపామా, పైది జారి మనిషి మీదకే వస్తుంది. అంటే ఒక్క పిసరు లేపాలి. ఇప్పుడు ఆ పిసరుని ఎవడికి ఎలా చెప్పాలి? క్రేను నడిపేవాడు సర్దార్జీ. గొలుసు పట్టుకున్న కళాసీలు ఒరిస్సావాళ్లు. ఫోర్‌మన్ అరవాయన. మేస్త్రి ఇక్కడివాడు. క్రేను చూడ్డానికి వచ్చిన జర్మనీ దొర ఒకడు. అయిదుగురికీ అయిదు పిసర్లు!"

"పిసరు పిసరే గద," అన్నాడు లింగమూర్తి.

"కాదు బాబూ! మా కోనసీమలో 'కూసింత' అంటే గోటి మీద ఇమడాలి. 'కొంచెం' అంటే వేలెడు. 'కాస్త' అంటే చూసుకుని పెట్టడం. మీ 'జర' ఉంది చూశావూ, దానికి కొలతే లేదు. జర ఆగమని నిమిషం నిలబెడతారు, జర ఆగమనే ఏడాది తిప్పుతారు. ఇక సర్దార్జీ 'థోడా' అంటావా, వాళ్ల ఊళ్లో థోడా మజ్జిగ అంటే చెంబు నిండా పోస్తారట. అలాంటి మనిషికి మేస్త్రి కింద నుంచి 'జర లేపు భాయ్' అని కేకేశాడు. ఏమైందో తెలుసా?"

మేం ముగ్గురం అప్పటికే గ్లాసులు పట్టుకుని ఆగిపోయాం.

"మూరెడు లేచిందండి! గొలుసు కిర్రుమంది. పై బండ కదిలింది. కదిలి, ఆగింది. దాని కింద నుంచి కంకర రాళ్లు ఒక్కొక్కటే జారి పోచయ్య ఛాతీ మీద పడుతున్నాయి. టప్, టప్ అని. అప్పుడు పెట్టాడు ఒక కేక. ఏసురత్నం గారూ, ఆ కేక నేను మీకు వినిపించలేను. ఆ తర్వాత అసలు చప్పుడే లేదు. అది ఇంకా భయం."

ఈసారి ఆయన చూపు మా మీద నుంచి జారి రోడ్డు మీదికి పోయింది. మళ్లీ మా వైపు తిరిగారు.

"అప్పుడు దూకాను నేను. నడుముకి తువ్వాలు బిగించి, గుంట నడిబొడ్డున నిలబడి, ఇటు సర్దార్జీకి 'థోడా', అటు ఒరిస్సావాళ్లకి 'టికియే', ఫోర్‌మన్‌కి 'కొంజం', మేస్త్రికి 'జరంత'. ఎవడి పిసరు వాడికి పంచాను. ఒక్క క్షణంలో! అయిదుగురూ ఒకేసారి, వెంట్రుక వాసి తేడా లేకుండా లాగారు. బస్సంత బండ గాల్లోకి లేచింది."

"ఆగన్న. ఇందాక ఆటో అంత అన్నవ్. ఇప్పుడు బస్సయింది."

"ఆటో అంత అన్నది తెలుగులో. సర్దార్జీకి హిందీలో చెప్పాల్సి వచ్చింది కదా, 'ఇత్‌నా బడా' అన్నాను. ఆ 'బడా'కి నోరెంత తెరవాలో ఓసారి అని చూడు. అను! చూశావా? చిన్నదానికి ఏ భాషలోనైనా నోరు ముడుచుకుంటుంది. చిన్ని, చిట్టి, పిసరు, టికియే. పెద్దదానికి తెరుచుకుంటుంది. బడా, భారీ. నేను నోరు తెరిచిన కొద్దీ అది పెరిగింది. నా తప్పే, ఒప్పుకుంటాను."

ఏసురత్నం గారు నిజంగానే 'బడా' అని నోరు తెరిచి చూసుకుని, మమ్మల్ని చూసి మూసేసుకున్నారు.

"అలా పెరిగి పెరిగి గోల్కొండ బురుజంత అయ్యేసరికి గొలుసు ఆగుతుందాండి? ఒక కడియం టప్పుమని తెగి నా చెవి పక్క నుంచి పోయింది. ఇంకోటి సాగుతోంది. కింద పోచయ్య కళ్లు తెరిచి పైకే చూస్తున్నాడు. సర్దార్జీ కళ్లు మూసుకున్నాడు. జర్మనీ దొర టోపీ తీసేశాడు. ఇక మిగిలింది నేనే. ఏం చేశానో చెప్పండి చూద్దాం?"

"పారిపోయినవ్," అన్నాడు లింగమూర్తి.

"మాట్లాడాను! బండతో! పెంచింది మాటైతే తగ్గించేదీ మాటే కదండీ. ముందు జర్మనీ భాష ఎత్తుకున్నాను. వాళ్లకి రాయిని 'స్టైన్' అంటారు. దాని తోకకి 'షెన్' తగిలిస్తే పిల్లరాయి అయిపోతుంది. 'స్టైన్‌షెన్!' అన్నాను. బురుజు కాస్తా మళ్లీ బస్సయింది. దొర టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత హిందీ. వాళ్లకి పెద్దది మగది, చిన్నది ఆడది. గోలా అంటే ఫిరంగి గుండు, గోలీ అంటే మాత్ర. డబ్బా అంటే డబ్బా, డిబ్బీ అంటే కుంకుమ భరిణె. అందుకని 'నువ్వు పత్థర్‌వి కావే తల్లీ, పథరీవి!' అన్నాను."

"పథరీ అంటే కిడ్నీల రాయి గదనే! మా మామకు ఆపరేషన్ చేసిండ్రు!"

"అంత చిన్నదైందనే కదయ్యా చెబుతున్నాను! గొలుసులోంచి జారి కింద పడిందండి. పోచయ్య దాన్ని ఈగని తోలినట్టు తోలేసి లేచి నిలబడ్డాడు. అంతటితో ఆగిందా? నా కేక గుట్టలన్నిటికీ వినిపించింది. ఆ రోజు నుంచే గచ్చిబౌలి వైపు గుట్టలు కుంగిపోవడం మొదలైంది. మందు పెట్టి పేలుస్తున్నామని వీళ్లు అనుకుంటున్నారు గానీ, అసలు..."

స్టవ్వు చప్పుడు ఆగిపోయింది. యాదమ్మ ఆర్పేసింది. టార్పాలిన్ మీద వాన ఒక్కటే వినిపిస్తోంది.

"సారూ," అంది. "నువ్వు చెప్పేది పాలమూరు పోచయ్య ముచ్చటేనా? కిష్టమ్మ పెనిమిటి?"

బుల్లిబాబు గారు తిరిగి చూశారు. "నీకెలా తెలుసు?"

"కిష్టమ్మ, నేను ఒక్క జాగల సిమెంటు తట్టలు మోసినం. ఆ దినం గూడ మోస్తున్నం." యాదమ్మ గిన్నె మీద మూత పెట్టింది. "బండ గోల్కొండంత లేదు. ఎడ్లబండంత ఉండె. అది సాలు సారూ, ఒక మనిషికి. గొలుసు తెగలే. దొర రాలే. సర్దార్ మాత్రం ఉండె. నువ్వూ ఉన్నవ్. గుంటల కాదు, ఒడ్డు మీద."

లింగమూర్తి బుల్లిబాబు గారి వైపు తిరిగాడు.

"మేస్త్రి ఒక్కసారే అన్నడు, జర లేపుమని. ఇగ నువ్వు అందుకున్నవ్. థోడా అంటవ్, జర అంటవ్, కొంచెం అంటవ్, ఒరిస్సా పోరలకు వాళ్ల మాట చెప్తవ్. మంచికే గొంతెత్తి ఒర్రినవ్, కాదన. గని ఒక్కొక్కరు ఒక్కో తీరుగ ఇన్నరు. గొలుసు పట్టినోళ్లు వదిలిండ్రు, సర్దార్ లేపిండు. బండ ఎక్కువ లేసింది. పోచయ్య కేక పెట్టింది అప్పుడే. సర్దార్ ఎంబడే మళ్ల దించిండు."

బుల్లిబాబు గారి చెయ్యి గ్లాసు కోసం వెళ్లి మధ్యలో ఆగింది.

"ఇగ సర్దార్ చేతులెత్తేసిండు. నా తోటి కాదన్నడు, కిందికి దిగబోయిండు. అప్పుడు కిష్టమ్మ గుంటలకు దిగింది. ఎవరు ఆపినా ఇనలే. బోర్ల పండుకొని, చెంప మట్టికి ఆనిచ్చి, బండ కింద సందుల మొగని కాలు చూసుకుంట, ఒక్క చెయ్యి పైకి లేపింది. రెండు వేళ్లు. గిట్ల." యాదమ్మ బొటనవేలు, చూపుడువేలు దగ్గర పెట్టి, కనపడీ కనపడనంత ఎడంగా విప్పింది. "సర్దార్‌కు అది కనవడ్డది. మళ్ల పోయి కూసున్నడు. గని నీ ఒర్రుడు ఆగుతలేదు. ఆయన ఆమె వేళ్లు చూడాల్నా, నీ మాట ఇనాల్నా? మేస్త్రి మొత్తుకున్నడు, ముందు ఆ సారు నోరు బందు చేయుండ్రని. దగ్గరున్నది నేనే."

"నువ్వా?" అన్నారు బుల్లిబాబు గారు.

"నేనే. ఉరికొచ్చి నా కొంగు నీ నోట్ల కుక్కిన. కుక్కి, వెనక నుంచి పట్టుకున్న. నువ్వు గింజుకున్నవ్, నేను ఇడవలే. అప్పుడు సైటంత సప్పుడు లేకుంటయింది. ఆమె వేళ్లు ఎంత ఇప్పితే గొలుసు అంత లేసింది. ఆమె ఆపితే ఆగింది. ఒకసారి పై బండ కదిలినట్టయింది. కిష్టమ్మ చెయ్యి మాత్రం కదలలే. మూడుసార్లు గట్లనే. నాలుగోసారికి పోచయ్యను చంకల కింద పట్టి గుంజిండ్రు. దవాఖానకు జీపు పోయినంక తీసిన నేను కొంగు."

లింగమూర్తి నవ్వబోయి ఆగిపోయాడు. వాన సన్నగిల్లింది, ఎవరూ బయల్దేరలేదు. బుల్లిబాబు గారు యాదమ్మ ముఖం వంక చూస్తూనే ఉన్నారు, ఎక్కడ చూశానా అని వెతుక్కుంటున్నట్టు.

"ఏం చూస్తవ్ సారూ. దుమ్ముకు మొహాలకు గుడ్డలు కట్టుకుంటిమి. మమ్ముల ఎవరు గుర్తువడ్తరు."

"కాలు... తీసేశారా?" అన్నారాయన. ఆ సంగతి ఇప్పటిదాకా ఆయనకి తెలీదని అప్పుడు అర్థమైంది నాకు.

"లేదు. మూడు నెలలు పట్టీ ఏసిండ్రు. ఇప్పుడు బోరబండ బస్తీల వాచ్‌మన్ పని చేస్తుండు. నడుస్తడు."

బుల్లిబాబు గారు చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు ఆవిడ చేతికే ఇచ్చారు.

"రెండ్రోజులు నా నోట్లో సిమెంటు రుచి పోలేదు యాదమ్మా," అన్నారు.