పసుపు రాసిన ర్యామ్

తెనాలిలో డీటీపీ సెంటరు నడిపే ఒకావిడ, ఆగకుండా కూస్తున్న కంప్యూటరు ముందు కూర్చుని మెకానిక్కుకు ఫోన్ చేసింది.

“తమ్ముడూ, నువ్విచ్చిన కొత్త ర్యామ్ పెట్టా. స్క్రీన్ రావట్లేదు, ఒకటే కూత. నందివెలుగు వాళ్ల శుభలేఖలు సాయంత్రానికి ఇవ్వాలి!”

“గట్టిగా నొక్కారా అక్కా?”

“టక్కుమనేదాకా నొక్కా.”

“కరెంటు తీసేసి, దాన్ని బయటికి లాగి చూడండి. కింది అంచు బంగారంలా మెరుస్తోందా?”

“ఎలా మెరుస్తుంది? గడపకి రాసినట్టు పసుపు రాసి బొట్లు పెట్టాగా.”

“ర్యామ్‌కా!”

“కొత్త వస్తువుని ఉత్తినే ఎలా వాడతాం?”

“అంచంతా రబ్బరుతో శుభ్రంగా తుడిచి, మళ్లీ పెట్టండి.”

కాసేపటికి ఆవిడ గొంతు మారింది.

“స్క్రీన్ వచ్చింది తమ్ముడూ!”

“ఇంకేం, ప్రింట్లు కొట్టుకోండి.”

“ఉండు, హారతిచ్చి కొడతా.”

“అక్కా! ముందు సీపీయూ పెట్టె మూత వేయండి!”