పదిహేడో భాగంలో కత్తిరించిన నిశ్శబ్దం

ఈ రోజు మార్చి పద్నాలుగు, శుక్రవారం. గోడ గడియారం ప్రకారం సాయంత్రం నాలుగు గంటల పదహారు నిమిషాలు. ఈ వీడ్కోలు సభ కోసం రెండు పేజీల కృతజ్ఞతలు రాసుకున్నాను. మొన్న బుధవారం వాటిని చింపేసి వేరే రాసుకొచ్చాను. ఎందుకో చెప్పడానికే నిలబడ్డాను.

అధ్యక్షులు మేనేజరు గారికి, నాకంటే ముందు చేరి నాకంటే బుద్ధిగా విశ్రాంతి తీసుకుంటున్న పెద్దలకు, పదకొండు ఇతర ఫ్యాక్టరీల నుంచి ఆన్‌లైన్లో ఈ తెర మీదికి వచ్చిన సేఫ్టీ ఆఫీసర్లకు, కెమెరా కట్టేసి కూర్చున్నవారికి కూడా, మూడో వరుసలో తల వంచుకుని కూర్చున్న నా మనవరాలికి నమస్కారం.

మేనేజరు గారు నన్ను తొమ్మిది నిమిషాలు పొగిడారు. అరవైకి ఒకసారి రిటైరై, సలహాదారుగా తిరిగొచ్చి, అరవై ఆరుకి మళ్ళీ రిటైరయ్యే మనిషిని పొగడడానికి రెండోసారి కూడా మాటలు దొరకడం ఆయన గొప్పతనం. (నవ్వులు) అందులో ఒక్క మాట నేను పుచ్చుకోలేను. "సేఫ్టీ చదువును అమ్మగారు అందరి చెవుల దాకా తెచ్చారు" అన్నారు. చెవుల దాకానే తెచ్చాను. అదే నా బాధ.

మూడేళ్ళ క్రితం షిఫ్టుల వల్ల తరగతికి ఎవరూ రాలేకపోతుంటే పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది నేనే. బస్సులో వినండి, వంట చేస్తూ వినండి, నెలకోసారి ఆన్‌లైన్ సెమినార్‌లో సందేహాలు అడగండి అన్నాను. ఇరవై నాలుగు భాగాలు చేశాం. ఎవరు దేన్ని ఎన్ని నిమిషాలు విన్నారో, పరీక్షలో ఎన్ని మార్కులో నా పుస్తకంలో ఉన్నాయి. పదిహేడో భాగం ట్యాంకులోకి దిగే ముందు చేసే గాలి పరీక్ష గురించి. విన్నవారు మూడువందల ఎనభై ఆరుగురు. పదికి పది వచ్చినవారు మూడువందల డెబ్బై ఒక్కరు. ఆ అంకె కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసుకుని మురిసిపోయాను.

మొన్న బుధవారం ఉదయం చిన్న ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. తనిఖీకి కాదు, ముందురోజు మర్చిపోయిన గొడుగు కోసం. అక్కడ గాలిని కొలిచే మీటరు పట్టుకున్నది, టీ తాగడానికి ఇరవై నిమిషాలు తీసుకుంటాడని మనందరం 'నిదానం' అని పిలుచుకునే టెక్నీషియన్. మీటరుకు తగిలించిన పదిహేను మీటర్ల గొట్టం లోపలికి దించాడు. ఒకటి, రెండు, మూడు అనుకునేంతలో మీటరు చూసి, 'విషవాయువు సున్నా' అని రాసేశాడు. ఫిట్టరు ఒక కాలు లోపల పెట్టాడు.

"కాలు తియ్యి!" అని అరిచాను. ఈ వయసులో నాకు అంత గొంతుందని నాకే తెలియదు.

"ఏంటయ్యా నిదానం, ఆగేది ఇంతేనా?"

"మీరు ఆగినంతే ఆగాను కదమ్మా," అన్నాడు. "పదిహేడో భాగం. నాలుగుసార్లు విన్నాను."

గొట్టం అక్కడే ఉంచమన్నాను. ట్యాంకు అడుగునున్న గాలి అంత పొడవు గొట్టం దాటి పైకి రావాలి, వచ్చాక మీటరు కుదురుకోవాలి. అప్పటిదాకా మీటరు చూపించేది బయట మనం పీలుస్తున్న మంచి గాలినే. రెండు నిమిషాలు దాటాక, విషవాయువు ఉందని మీటరు కూత పెట్టింది. ఫిట్టరు ట్యాంకు మూత లాగి మూసేశాడు.



ఆ భాగం రికార్డు చేసిన రోజు ఎన్ని నిమిషాలు ఆగాలో నేను అంకె చెప్పలేదు. అంకె చెబితే నోటికొస్తుంది, ఆగితే ఒంటబడుతుంది అనుకున్నాను. "గొట్టం దించండి, నాతోపాటు ఆగండి, నేను మళ్ళీ మాట్లాడాకే మీటరు చూడండి" అని చెప్పి, గడియారం చూస్తూ రెండున్నర నిమిషాలు నోరు మూసుకున్నాను. మా ఇంట్లోవాళ్ళకి అంత భాగ్యం ఎప్పుడూ దక్కలేదు. (నవ్వులు)

బుధవారం సాయంత్రం ఆ భాగం మొదటిసారి విన్నాను. నా గొంతు నాకే జోరీగలా ఉంటుందని అంతవరకూ ఏ భాగమూ వినలేదు. అందులో ఆ నిశ్శబ్దం మూడు సెకన్లుంది. పాడ్‌కాస్ట్ తయారుచేసేది మా మనవరాలు. అడిగాను.

"ఖాళీలు తీసేశాను అమ్మమ్మా. పన్నెండు నిమిషాలు దాటితే ఎవరూ వినరు, కత్తిరించు అని నువ్వే అన్నావు కదా," అంది. లాప్‌టాప్ మూసి, "సభలో నా సంగతి ఎత్తకు, ప్లీజ్," అంది.

ఎత్తుతున్నాను తల్లీ, తలెత్తు. నువ్వు నేను చెప్పిన పని చెప్పినట్టు చేశావు. చేసినదాన్ని ఒక్కసారి వినాల్సినదాన్ని నేను. ఈ విషయంలో నిన్ను ఎవరైనా ఒక్క మాటంటే వాళ్ళు ముందు నాతో మాట్లాడాలి.

తెర మీద రెండో వరుస చివర ఉన్న పెద్దమనిషీ, మీరు ఫిబ్రవరి సెమినార్‌లో "ఇంత తక్కువసేపు ఆగితే చాలా మేడమ్?" అని రాశారు. నేను దాన్ని 'సమయాభావం' అనే గడిలో నమోదు చేసి, మీకు హాజరు సర్టిఫికెట్ పంపాను. జవాబు: చాలదు. నెల దాటాక చెబుతున్నాను, క్షమించండి.

మేనేజరు గారూ, మీరు కుర్చీలో కదులుతున్నారు. నిన్న మీరేమన్నారో చెబుతాను, కోపగించుకోకండి. "వచ్చే వారం కొత్త భాగం పెడదాం లెండి, వీడ్కోలు రోజున ఇదంతా ఎందుకు?" అన్నారు. రేపు ఉదయం ఆరింటికి పెద్ద ట్యాంకులోకి ముగ్గురు దిగుతున్నారు కనుక. ముగ్గురూ ఈ హాల్లోనే ఉన్నారు. ముగ్గురికీ పదికి పది. వాళ్ళు దిగడానికిచ్చిన పర్మిట్ మీద సోమవారం నేను పెట్టిన సంతకం ఉంది.

ఇప్పుడు అందరం గొట్టం దించాం అనుకోండి. నేను మాట్లాడేదాకా ఆగండి.

(నిశ్శబ్దం. నలభై సెకన్లకు ఎవరో దగ్గారు. నిమిషం దాటాక వెనకనుంచి "అయిపోయిందా?" అన్నారు. ఎవరూ నవ్వలేదు. రెండున్నర నిమిషాలు.)

ఇంతసేపు. ట్యాంకులో పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, అడుగున ఒకసారి ఇలాగే ఆగాలి.

ఆ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఏం బాబూ, మొన్నటిదాకా ఎంతసేపు ఆగేవారు?

"మూడు లెక్కపెట్టేవాళ్ళమమ్మా," అన్నాడు మధ్యలో ఉన్నతను.

మేనేజరు గారూ, ఇదిగో పర్మిట్. ఈ సాయంత్రం ఐదింటికి నా ఉద్యోగం ముగిసేదాకా నా సంతకానికి ప్రాణం ఉంది. దీన్ని రద్దు చేస్తున్నాను.

(మేనేజరు లేచి: "ఒక్కరోజు పని ఆగితే పై ఆఫీసుకు నేనేం చెప్పాలమ్మా?")

ఆపింది ముసలావిడ అని చెప్పండి. తిట్టాలనుకుంటే ఫోన్ నెంబరు మీ దగ్గరుంది, సోమవారం నుంచి నేను ఖాళీయే. (నవ్వులు. మేనేజరు కూర్చున్నారు.) మీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. ఆరేళ్ళు నా చాదస్తాన్ని భరించారు, మీకు నిజంగా రుణపడి ఉన్నాను. మీ అందరికీ కూడా. పువ్వులు బాగున్నాయి. ఇక జరగవలసినవి చెప్పి దిగుతాను.

1. పదిహేడో భాగాన్ని ఈ సాయంత్రమే తీసేయాలి. ఫోన్లలో దాచుకున్నవారు చెరిపేసి, 'చెరిపాను' అని తిరిగి రాయాలి. రాయనివారికి ఫోన్ చేయాలి.

2. తెర మీదున్న పదకొండు ఫ్యాక్టరీలవారు, ట్యాంకు పని నడుస్తుంటే నా మాటలు వినడం మానేసి ఇప్పుడే లేచి వెళ్ళి దాన్ని ఆపించాలి. నేనేమీ అనుకోను.

3. మూడువందల డెబ్బై ఒక్క పదికి పదులను కొట్టేశాను. ప్రతి ఒక్కరూ నిజం గొట్టం, నిజం గడియారం పట్టుకుని, మరో మనిషి ఎదుట చేసి చూపించాలి.

4. పెద్ద ట్యాంకుకు కొత్త పర్మిట్, ఆ ముగ్గురూ అలా చేసి చూపించాకే. సంతకం నా తర్వాత వచ్చే ఆఫీసరుది, ఇదిగో ముందు వరుసలోనే ఉంది. ఎవరైనా తొందరపెడితే సంతకం పెట్టకమ్మా.

5. నా పుస్తకంలో 'విన్నారు' అనే వరుస పక్కన 'చేసి చూపించారు' అని ఇవాళ కొత్త వరుస గీశాను. అది ఖాళీగా ఉంది. మొదటి పేరు నిదానానిది రాయండి, మొన్నటినుంచి అన్నం సరిగా తినడం లేదట.

ఇంతవరకూ ఓపిగ్గా ఆగినందుకు ధన్యవాదాలు. సెలవు.