సంతకం పక్కన గీత

నా పేరు బండారి ఐలయ్య. తండ్రి పేరు మల్లయ్య, చనిపోయాడు. వయసు డెబ్భై ఒకటి. ఉండేది మెదక్ పట్టణంలోనే. నలభై ఏండ్లు మేస్త్రీ పని చేశాను, మోకాళ్లు పోయి మానేశాను. మేజిస్ట్రేట్ మేడం ముందర నా అంతట నేను చెబుతున్నాను, నాకు ఎవరి భయమూ లేదు.

చనిపోయిన స్నిగ్ధ నా కొడుకు ఎల్లేష్ బిడ్డ. మూడున్నర ఏండ్లు. కొడుకు, కోడలు చంద్రిక ఇద్దరూ పనికి పోతారు. అందుకని పిల్లను రామాయంపేట రోడ్డు సందులో నిర్మలమ్మ నడిపే డే కేర్‌లో వేశాము. పొద్దున తొమ్మిదింపావుకు దించేది నేను. సాయంత్రం నాలుగింటికి తెచ్చేది నేను.

ఆ ఇంటి వెనుక నీళ్ల సంపు ఉంది. మొదటి రోజే చూశాను. సిమెంటు మూత పగిలిపోతే ప్లైవుడ్ చెక్క కప్పి, పైన ఒక ఇటుక పెట్టారు. ఈ ఊళ్లో నేను ఎన్ని సంపులు కట్టానో లెక్క లేదు. మూత లేకుండా ఒక్కటీ వదల్లేదు. "అమ్మా, గీ చెక్క ఆగది. ఒక సంచి సిమెంటు తెప్పియ్యి, కూలి వద్దు, నేనే పోసిస్త" అని నిర్మలమ్మతో అన్నాను. సరే చేయిద్దాం అంది. రెండుసార్లు చెప్పాను. నా మాటకు విలువ లేని చోట మూడోసారి చెప్పను. చెప్పలేదు.

జూన్ 18, బుధవారం. ఆ రోజు మేము పోయేది ఆలస్యమైంది, పదకొండు కావస్తోంది. తనిఖీకి వచ్చిన సారు ముందర గదిలో ఫ్యాన్ కింద కూర్చొని చాయ తాగుతున్నాడు. కాగితాలు అప్పటికే నింపి ఉన్నాయి. పిల్లల ఇంటివాళ్లలో ఒకరి సంతకం కావాలట. నిర్మలమ్మ నన్ను చూపించింది. సారు నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"పెద్దాయనా, సంతకమొస్తదా, నిశాని ఏస్తవా?" అని ఇంకు డబ్బా నా వైపు తోశాడు.

నాకు రోషం వచ్చింది. యాభై రెండేండ్ల వయసులో పెద్దోళ్ల బడిలో కూర్చొని నా పేరు నేర్చుకున్నాను. ఆరు అక్షరాలు. ఆ తరువాత ఎక్కడా వేలు పెట్టలేదు. కలం ఇవ్వమన్నాను.

కాగితంలో ఏముందో చదవలేదు. సన్న అక్షరాలు. చదివి చెప్పమని అడగలేదు. అడిగితే చదువు రాదనుకుంటారని అడగలేదు. పిల్లను చంకన ఎత్తుకొనే రాశాను. రాస్తుంటే పిల్ల కలం పట్టి గుంజింది. సారు నవ్వి, "గీమె గూడ తనిఖీ చేసింది" అన్నాడు. సారు ఇంటి వెనక్కి పోయి చూడలేదు. కుర్చీ నుంచి సంపు దాకా ఇరవై రెండు అడుగులు. తరువాత నేను నడిచి చూశాను. ఇరవై రెండు.

జులై 3, గురువారం. రెండు రోజుల నుంచి ముసురు. మూడూ ఇరవైకి అక్కడి ఆయా బాలలక్ష్మి ఫోన్ చేసి, "తాతా, జల్ది రా" అంది. ఇంకేమీ చెప్పలేదు. ఆటోలో పోయేసరికి మూడూ ముప్పై ఐదు. పద్నాలుగు మంది పిల్లలకు ఆమె ఒక్కతే. ఇంకో పిల్లకు బట్టలు మారుస్తుంటే స్నిగ్ధ వెనక్కి పోయిందట. నానిన చెక్క రెండు ముక్కలై ఉంది. ఆయా దిగడానికి భయపడి, చీర కొంగు లోపలికి వదిలి ఏడుస్తోంది. నేను దిగాను. నా నడుము దాకా నీళ్లు. నా నడుము దాకానే. పిల్లను పైకి అందించాను. దవాఖానలో నాలుగూ పదికి పిల్ల లేదని చెప్పారు. ఆ వేళకు రోజూ మేము ఇంటి దారిలో ఉంటాము.

ఇప్పుడు ఆ కాగితం చదివి వినిపించారు. "సంపునకు గట్టి మూత ఉన్నది, చూచితిని" అని ఉంది. కింద నా పేరు. మేస్త్రీయే చూసి సంతకం పెట్టాడు, మా తప్పేముంది అని నిర్మలమ్మ అంటోందట. నిన్న నా కొడుకు, "నాయినా, గా సంతకం నాది కాదని చెప్పు. నీకు సదువు రాదంటే అందరు నమ్ముతరు" అన్నాడు.

నేను అలా చెప్పను. అది నా సంతకమే. చివరి అక్షరం నుంచి పక్కకు పోయిన వంకర గీత కొట్టివేతా అని మేడం అడిగారు. కొట్టివేత కాదు. అది స్నిగ్ధ గీసింది. సంతకం నాది కాదంటే ఆ గీత కూడా ఆమెది కాకుండా పోతుంది.

సంపు దాకా నడవని సారు పేరు రాయండి. మూత వేయించని నిర్మలమ్మ పేరు రాయండి. చెక్కను చూసి కూడా సంతకం పెట్టిన నా పేరు కూడా రాయండి. ఇది రాస్తున్న గుమాస్తా నా పేరు దగ్గర ఆగాడు. రాయమన్నాను.

ఇందులో ఉన్నదంతా నాకు చదివి వినిపించారు. ఈసారి మొత్తం విన్నాను, ఒకచోట రెండోసారి చదివించుకున్నాను. అంతా నిజం. సంతకానికి కలం ఇచ్చారు. నాకు సంతకం వచ్చు. ఇక పెట్టను. ఇంకు డబ్బా ఇవ్వమన్నాను.

ఎడమ చేతి బొటనవేలి నిశాని
బండారి ఐలయ్య
మెదక్, జులై 21