సత్రంలో రెండో మనిషి

టవరు ఆ పూట టీకొట్టుకి ఒక్క మాట అడిగి వెళ్లిపోదామనే వచ్చాడు. "ఒరేయ్, ఓ గంట వచ్చి నా పక్కన కూర్చోరా" అన్నదే ఆ మాట. మామూలు మనిషికి టీ చల్లారేలోపు అయిపోయే పని. కానీ టవరు నోట్లోంచి ఏ మాటైనా మామూలు సైజులో బయటికి రావడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. ఆ పేరు ఊరికే రాలేదు. మనిషి పొడుగు, పైగా నాలుగు దిక్కులకీ ప్రసారం.

అతనిది టీవీలు బాగుచేసే కొట్టు. టీవీ పాడైతే పారేసే రోజులొచ్చాక ఆ కొట్లోకి ఈగ కూడా పని ఉండి రావడం మానేసింది. బల్ల మీద ఒక పాత కంప్యూటరు, దాన్లో ఒక ఆట. ఎక్కడో పరాయి దేశంలో ఒక ఆసామి తన ఇంటి వెనక గదిలో మిషను పెట్టి నడిపే ఆట అది. దానికి బొమ్మల్లేవు, చప్పుళ్లు లేవు. నల్ల తెర మీద అక్షరాలొస్తాయి. "నువ్వు సత్రం ముందు నిలబడ్డావు, ఉత్తరాన తలుపుంది" అంటుంది. ఉత్తరానికి పోతానని కొడితే లోపలికి పోతావు. ఏయే దేశాల నుంచో ఆ మిషనుకి లైను కలుపుకున్నవాళ్లంతా ఆ సత్రంలో ఒకరికొకరు ఎదురుపడేవాళ్లు, అక్షరాలుగానే. ఒకప్పుడు కాలు పెట్టే సందు ఉండేది కాదు. తర్వాత జనం బొమ్మలుండే ఆటల్లోకి వలసపోయారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు టవరు, రెండోవాడు ముంగిస అని పేరు పెట్టుకున్న ఎవరో.

ముంగిస అసలు పేరు టవరుకి తెలియదు. ఊరు తెలియదు. మగో ఆడో కూడా రూఢిగా తెలియదు. కానీ రోజూ పొద్దున్నే "తిన్నావా, పడుకున్నావా" అని అడిగే ప్రాణి ప్రపంచం మొత్తమ్మీద అదొక్కటే. వానలు పడబోయే ముందు ఒకరోజు, "ఆపరేషనుకి వెళ్తున్నాను, నువ్వు సత్రంలోనే ఉండు, తిరిగొచ్చి కనబడతాను" అని కొట్టి వెళ్లిపోయింది ఆ ప్రాణి. వానలు వచ్చాయి, పోయాయి. టవరు సత్రంలోనే ఉన్నాడు.

ఇప్పుడు మిషను ఆసామి కబురు పెట్టాడు. ఒక్క మనిషి కోసం కరెంటు తగలెయ్యలేను, ఇవాళ నీకు పొద్దుగూకే వేళకి సత్రంలో రెండో మనిషి కనబడితే సరే, లేకపోతే ఆపేస్తాను, ఆపాక మళ్లీ పెట్టేది లేదు అని. టవరు ఇంకో కంప్యూటరుకి అతుకులేసి, ఒక్కడే రెండు చేతులతో ఇద్దరిలా ఆడి చూశాడు. ఆసామి ఇద్దర్నీ ఒకేసారి పలకరించి, ఒకడు మాట్లాడుతుంటే రెండోవాడు మూగవాడైపోతున్నాడని ఇట్టే పట్టేశాడు. మిషను ఆగిపోతే ముంగిస బతికి తిరిగొచ్చినా వెతుక్కోవడానికి చోటుండదు. టవరు ఏ వీధిలో ఉంటాడో దానికీ తెలియదు కదా.

ఈ బరువుతో వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. బల్లకి ఆ చివర దర్జీ ఉన్నాడు. ఊరందరి చొక్కాలకీ గుండీలు కుట్టి, తన చొక్కాకి పిన్నీసు పెట్టుకునే మనిషి. ఈ చివర టవరు బావమరిది. ఆఫీసు గేటు ముందు కూర్చుని జనానికి అర్జీలు టైపు కొట్టి పెడతాడు. ఎదుటివాడు కష్టం చెప్పుకోవడం పూర్తయ్యేలోపే దాన్ని మూడు పేరాలు చేసెయ్యగలడు. ఇక టీకొట్టావిడ పాలల్లో నీళ్లు పోస్తుందని గిట్టనివాళ్లు అంటారు గానీ అది అబద్ధం. నీళ్లల్లో పాలు పోస్తుంది.

"ఏం బావా, మొహం వేలాడేశావు?" అన్నాడు బావమరిది.

అడగాల్సిన మాట టవరు నాలుక చివరే ఉంది. నోరు తెరిచాడు.

"మొహానికేంరా, పని ఒత్తిడి. ఆమధ్య ఓ పొద్దున సముద్రాలకి అవతలున్న ఒక మిషనుకి లైను కలిపిన దగ్గర్నుంచీ తీరికే లేదు."

"నాకు పక్క వీధిలో మా అత్తగారికే కలవదు," అన్నాడు దర్జీ.

"నువ్వు కలపవు, అది వేరు. నాకు మొదట నిజంగానే కలవలేదు. చూస్తే బయట తీగ తెగి ఉంది. ఇంకోడైతే తెగిందిలే అని దుప్పటి కప్పుకుంటాడు. నేను స్తంభం ఎక్కి, తీగ రెండు కొసలూ పళ్ల మధ్య పెట్టి కొరికి పట్టుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్షరాలన్నీ నా నోట్లోంచే దాటిపోవడం మొదలెట్టాయి. ఒక్కోదానికి ఒక్కో రుచి. కొన్ని తియ్యన, కొన్ని వగరు, సున్నాలైతే చప్పన. రుచి చూసి ఏ మాట పోతోందో చెప్పేసేవాణ్ణి."

"మరి స్తంభం మీద నువ్వుంటే కొట్లో మీటలెవరు నొక్కారన్నా?"

"మీటలెందుకు? తీగనే వేలితో మీటాను. ఎంతసేపూ కత్తిరింపులే గానీ బుర్ర వాడవు కదా నువ్వు. సరే, అవతల ఆట తెరుచుకుంది. బొమ్మలుండవు, అన్నీ అక్షరాలే, అక్షరాలతోనే చంపుతారు, అక్షరాలతోనే చస్తారు. అడుగు పెట్టానో లేదో, 'పెద్దపులి నీ మీదకి' అని వచ్చింది. 'దూకింది' అన్న మాట దారిలో ఉంది, ఇంకా చేరలేదు. అది చేరేలోపే నేను ఆ మాటనే కొట్టి పారేశాను. పాపం ఆ పులి ఇవాళ్టికీ గాల్లోనే ఉంది, దూకాలో వద్దో తెలియక. నేనే రెండు పూటలా వెళ్లి ఇంత మేత పెట్టి వస్తున్నాను."

"పులికి మేతా?" అంది టీకొట్టావిడ.

"గాల్లో ఉంటే అరగదు చెల్లెమ్మా, మాంసం పెట్టకూడదు."

దర్జీకి నవ్వొచ్చి టీ పొలమారింది. టవరు ఆ నవ్వు చూసి కాసేపు తన సంగతి మర్చిపోయాడు. అదే అతని జబ్బు. నలుగురు నవ్వితే ఆకలి తీరినట్టుంటుంది, ఇంటికెళ్లాక తెలుస్తుంది తీరలేదని. వీధికి అవతల తన కొట్టు తలుపు ఓరగా తెరిచే ఉంది. ఎండ అప్పుడే గడప దిగింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఎలా తెలుస్తుంది బావా, నువ్వింకా అల్లలేదుగా."

"అల్లడమేంట్రా, విను. పులి సంగతి పాకిపోయింది. ఏడు రాజ్యాల రాజులు కిరీటాలు చంకన పెట్టుకుని సత్రానికొచ్చేశారు, అయ్యా మా రాజ్యాలు కూడా నువ్వే చూసుకో, మాకు లెక్కలు రావడం లేదని. ఒక్కో రాజుకీ ఒక సైన్యం, వెరసి నలభై వేల మంది. అంతమందికీ ఒకేసారి 'కదలండి' అని కొట్టాను. అన్ని అక్షరాలు ఒక్క దెబ్బన పోయేసరికి సముద్రం అడుగున తీగ కాగిపోయింది. ఆ వారమంతా ఆ వైపు జాలర్లకి వలలో ఉడికిన చేపలే పడ్డాయి. కట్టెల ఖర్చు తప్పిందని నా పేరు తలుచుకుని దండం పెట్టారు."

"ఉప్పు సముద్రంలోదే కాబట్టి అదీ కలిసొచ్చుంటుంది," అన్నాడు దర్జీ. "మరి అంత సైన్యానికి సేనాపతి ఎవరన్నా?"

"ముంగిస."

ఆ పేరు అతను ఇంతవరకూ పైకి అనలేదు. చెవికి కొత్తగా తగిలింది.

"వాడెక్కడున్నాడిప్పుడు?"

"పని మీద వెళ్లాడు."

"ఎప్పుడొస్తాడు?"

"వచ్చేస్తాడు."

"ఏం పని?"

"వచ్చేస్తాడన్నానుగా," అన్నాడు టవరు. గ్లాసు కింద పెట్టబోయి, బల్ల అంచు దొరక్క, మళ్లీ చేతిలోనే పట్టుకున్నాడు.

టీకొట్టావిడ ఏమనుకుందో, అడక్కుండానే అతని గ్లాసులో ఇంకాస్త టీ పోసింది. ఆవిడ కొట్టు పెట్టినప్పటి నుంచీ అలాంటిది జరగలేదు. దర్జీ వెంటనే తన గ్లాసు కూడా చాచాడు. ఆవిడ చూడనట్టు అటు తిరిగింది.

ఎండ వీధి దాటి ఈ వైపు గోడ ఎక్కడం మొదలెట్టింది. టవరు టీ గుటకేసి, ఎటో చూస్తూ, ఏదో పాత సామాను సంగతి మాట్లాడినట్టు అన్నాడు.

"ఒరేయ్, నువ్వు టైపు బాగా కొడతావు కదా. ఓ గంట వచ్చి కూర్చోకూడదూ. రెండో కంప్యూటరు ఖాళీగానే ఉంది."

బావమరిది ఆ పూట ఖాళీ. అర్జీలు పెట్టుకునేంత ఆశ ఉన్నవాళ్లెవరూ రాలేదు. పైగా అక్క పోయాక ఈ బావ ఇంటికి పిలిచిందే లేదు. లేచి, ఒక కాలు చెప్పులో దూర్చాడు. రెండో చెప్పు బల్ల కిందికి పోయింది. దాని కోసం కాలితో తడుముతూ, ఊరికే నవ్వులాటకే అడిగాడు.

"వస్తాను గానీ బావా, ఒక్క సందేహం. ఏడుగురు రాజులు సత్రానికొచ్చేశారంటివి. నలభై వేల మంది సైన్యం అంటివి. అంత జనం తొక్కిసలాడే చోట నేనొక్కణ్ణి వస్తే ఎంత, రాకపోతే ఎంత? ఇంతకీ అక్కడ నాతో నీకేం పని?"

దర్జీ బల్ల చరిచి నవ్వాడు. టీకొట్టావిడ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

జవాబు రెండు మాటలు. ఎవరూ లేరురా. అంతే. ఆ రెండు మాటలూ అని ఉంటే బావమరిది రెండో చెప్పు లేకుండానే వీధి దాటేవాడు. టవరు నోరు తెరిచాడు. ఇన్నేళ్లూ ఆ నోరు చిన్న మాట పట్టే సందు ఉంచుకోలేదు. లోపల ఎంత తడిమినా నలభై వేలే తగులుతున్నాయి గానీ ఒకటి దొరకడం లేదు.

"నీతో పనేంట్రా," అన్నాడు చివరికి. "చూసి సంతోషిస్తావని పిలిచాను."

"అంతేనా? నేనింకా ఏదో అవసరం అనుకున్నాను." బావమరిది కాలు చెప్పులోంచి తీసేసి మళ్లీ బల్ల మీద సర్దుకు కూర్చున్నాడు. "అయితే రేపొస్తాలే బావా. రేపు పొద్దున్నే వస్తా."

గోడ మీద ఎండ పైకప్పు దాకా వెళ్లి ఎర్రబడింది. టవరు గ్లాసులో మిగిలిన టీ తాగి, పెదాలు తుడుచుకున్నాడు.

"రేపే రా," అన్నాడు. "రేపు ఇంకా ఎక్కువ మంది ఉంటారు."